ఈ ఏడా, వచ్చే ఏడా: కిండర్‌గార్టెన్‌లో ఎప్పుడు చేర్చాలి?

కిండర్‌గార్టెన్‌లో, అంటే ఒకటో తరగతికి ముందుండే తరగతిలో, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండాలన్నది అక్కడి నిబంధన. పాపకు నిన్ననే, ఆగస్టు 31న, ఐదో పుట్టినరోజు అయింది. పక్కనున్న బాబు పుట్టింది సెప్టెంబరు 2న. కిందటేడు ఒక్క రోజు తేడాతో అవకాశం తప్పింది కాబట్టి రేపటికి ఆరేళ్లు నిండుతాయి. ఇద్దరికీ ఒకే టీచర్, ఒకే పాఠం, ఒకే పరీక్ష. ముప్పై ఏళ్ల మనిషికీ ముప్పై ఒక్క ఏళ్ల మనిషికీ తేడా ఎవరూ కనిపెట్టలేరు. కానీ ఇక్కడ ఆ ఒక్క ఏడాది, పాప ఇంతవరకూ బతికిన కాలంలో ఐదో వంతు. వాక్యానికి వాక్యం అతికి కథ చెప్పడం, చొక్కా గుండీలు తనే పెట్టుకోవడం, ఓడిపోయినా ఆట వదిలిపోకపోవడం లాంటివి చాలామంది పిల్లలు ఆ ఐదో వంతులోనే నేర్చుకుంటారు.

కటాఫ్ తేదీకి దూరంగా పుట్టిన పిల్లల తల్లిదండ్రులకు ఈ బాధ పెద్దగా ఉండదు. ఆ అంచున పుట్టిన పిల్లల ఇళ్లలో మాత్రం నెలల తరబడి ఇదే చర్చ. ఇప్పుడే పంపాలా, ఒక ఏడాది ఆగాలా? అమెరికాలో ఇలా ఆపడానికి రెడ్‌షర్టింగ్ అని పేరు. కళాశాల క్రీడల్లో ఆటగాణ్ణి ఒక ఏడాది పోటీలకు దించకుండా సాధన మాత్రం చేయించే పద్ధతి నుంచి వచ్చిన మాట అది. ఆ దేశంలో అర్హత ఉండి కూడా ఆగే పిల్లలు నూటికి నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటారు. వాళ్లలో మగపిల్లలు ఎక్కువ, కటాఫ్‌కి కాస్త ముందు పుట్టినవాళ్లు ఎక్కువ, స్థోమత ఉన్న కుటుంబాల వాళ్లు ఎక్కువ.

ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న "మన పిల్ల సిద్ధంగా ఉందా?" అని. నాకు ఆ ప్రశ్నలోనే చిక్కు కనిపిస్తుంది. సిద్ధంగా ఉండటమనేది ఎత్తూ బరువూ లాగా పిల్లలో కొలిచి చూపించగల గుణం అన్నట్టు అడుగుతాం. నిజానికి అది పిల్లకూ, తను వెళ్లబోయే తరగతికీ మధ్య ఉండే పొంతన. తరగతి మారితే అదే పిల్ల విషయంలో జవాబు మారిపోతుంది.

దేశదేశాల నిబంధనలు చూస్తే ఇది తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో పిల్లలు రిసెప్షన్ అనే బడి మొదటి తరగతిలో చేరతారు. నెదర్లాండ్స్‌లో చాలామంది నాలుగో పుట్టినరోజుకే బడిలో ఉంటారు. డెన్మార్క్‌లో ఆరేళ్లు నిండే క్యాలెండర్ సంవత్సరంలో మొదలుపెడతారు. ఫిన్లండ్‌లో ఆరేళ్లకు సన్నాహక తరగతి, ఏడేళ్లకు అసలు బడి. భారత్‌లో 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లని చెప్పి, అంతకుముందు మూడేళ్లనూ పునాది దశలోనే కలిపింది. డచ్చి పిల్లలు ఫిన్లండ్ పిల్లల కన్నా మూడేళ్లు ముందే పరిపక్వమవుతారని ఎవరూ అనరు. లోపలికి వచ్చిన పిల్లను బడి ఏం చేయమంటుందన్న దాంట్లోనే ఉంది తేడా అంతా. నాలుగేళ్ల పిల్లను ఇసుకలో ఆడుకోనిచ్చే బడికి ఆ పిల్ల సిద్ధమే. గంటసేపు కూర్చుని రాయమనే బడికి ఆరేళ్ల పిల్ల కూడా సిద్ధం కాకపోవచ్చు.

కిండర్‌గార్టెన్ అన్న మాట పుట్టినప్పుడు ఈ ప్రశ్నకు చోటే లేదు. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ తెరిచి, 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. అక్కడ పిల్లలకిచ్చింది ఉన్ని బంతులు, చెక్క దిమ్మెలు, పాటలు, మొక్కలు పెంచుకోవడానికి చిన్న మడులు. తోటలోకి రావడానికి మొక్కకు అర్హత పరీక్ష ఉండదు కదా. తరవాత ఒకటో తరగతి పనులు మెల్లగా కిందికి దిగాయి. అమెరికాలో 1998లోనూ 2010లోనూ కిండర్‌గార్టెన్ టీచర్ల అభిప్రాయాలను పోల్చిన ఒక అధ్యయనం ఉంది. పిల్లలు కిండర్‌గార్టెన్‌లోనే చదవడం నేర్చుకోవాలన్న టీచర్లు మొదట నూటికి 31 మంది, పన్నెండేళ్ల తరవాత 80 మంది. ఆ పన్నెండేళ్లలో ఐదేళ్ల పిల్లల మెదళ్లు మారలేదు. కాబట్టి "ఈ కాలం పిల్లలు సిద్ధంగా ఉండటం లేదు" అన్న మాట విన్నప్పుడల్లా గడప ఎంత ఎత్తు పెంచామో కూడా చూడాలనిపిస్తుంది నాకు.

ఆగితే పండుతుందా?

ఒక ఏడాది ఆపమనే సలహా వెనక పాత సిద్ధాంతం ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించి నమోదు చేశాడు. పిల్లల సామర్థ్యాలు లోపలి గడియారం ప్రకారం ఒక్కొక్కటే బయటపడతాయని, తొందరపెడితే లాభం లేదని ఆయన వాదన. దాన్నిబట్టి చూస్తే, సిద్ధంగా లేని పిల్లకు మనం ఇవ్వగలిగింది సమయం మాత్రమే. దాదాపు అదే కాలంలో రష్యాలో లెవ్ వైగోత్స్కీ మరో వైపు నుంచి ఆలోచించాడు. పిల్ల ఒంటరిగా చేయగలిగిన దానికీ, తెలిసినవాళ్లు కాస్త చేయి అందిస్తే చేయగలిగిన దానికీ మధ్య ఉండే జాగాలోనే నేర్చుకోవడం జరుగుతుందని, ఆ నేర్చుకోవడమే ఎదుగుదలను ముందుకు లాగుతుందని ఆయన అన్నాడు. ఆయన ప్రకారం సిద్ధంగా లేని పిల్లకే మంచి తరగతి అవసరం ఎక్కువ.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ వేర్వేరు విషయాల్లో. వేళ్ల కండరాలు, నిద్ర, మూత్రం మీద అదుపు లాంటివి చాలావరకు కాలంతో వస్తాయి. మాటల సంపద, లెక్క, నలుగురిలో మెలగడం మాత్రం దొరికిన అనుభవాన్ని బట్టి వస్తాయి. ఏడాది ఆగాలా వద్దా అన్నది, మీ పిల్లకు తక్కువైంది ఈ రెంటిలో ఏదన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక పరిశోధనల మాట. ఇవి ఒకదానికొకటి ఎదురు మాట్లాడుతున్నట్టు కనిపిస్తాయి కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. తరగతిలో చిన్నవాళ్లు వెనకబడతారన్నది నిజమే. బెడార్డ్, డూయీ అనే ఆర్థికవేత్తలు 2006లో అనేక అభివృద్ధి చెందిన దేశాల పరీక్ష ఫలితాలను పరిశీలించారు. నూరుమందిని మార్కుల వరుసలో నిలబెడితే, తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లు అందరికన్నా పెద్దవాళ్ల కంటే నాలుగో తరగతిలో 4 నుంచి 12 స్థానాలు వెనక ఉన్నారు. ఎనిమిదో తరగతికి అది 2 నుంచి 9 అయింది. అంటే తేడా తగ్గుతుంది, కానీ వెంటనే చెరిగిపోదు.

ఇది చదివి చాలామంది "అయితే ఆపేద్దాం" అనుకుంటారు. అక్కడే ఒక మెలిక ఉంది. ఎల్డర్, లుబోట్‌స్కీ 2009లో అమెరికా పిల్లల మీద చేసిన పని చూపించిందేమిటంటే, పెద్ద వయసులో చేరిన పిల్లల ఆధిక్యంలో చాలా భాగం బడిలో వేగంగా నేర్చుకోవడం వల్ల వచ్చింది కాదు. బడికి ముందే ఇంట్లోనూ ప్రీస్కూల్‌లోనూ అదనంగా గడిపిన ఏడాదిలో పోగైన జ్ఞానం అది. అందుకే బడి మొదట్లో ఎక్కువగా కనిపించి, తరగతులు పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది. స్థోమత ఉన్న ఇళ్ల పిల్లల్లో ఆ తేడా మరింత పెద్దది. ఆ అదనపు ఏడాదిలో పుస్తకాలూ మాటలూ మంచి ప్రీస్కూలూ ఉన్న పిల్లకు అది పెట్టుబడి అవుతుంది, ఏమీ లేని పిల్లకు ఖాళీ ఏడాదిగా మిగులుతుంది.

డెన్మార్క్‌లో డీ, సీవర్ట్‌సన్ చేసిన అధ్యయనం ఆపడానికి అనుకూలంగా బలమైన సాక్ష్యం. ఏడాది ఆలస్యంగా చేరిన పిల్లల్లో ఏడేళ్ల వయసులో ఏకాగ్రత లోపం, మితిమీరిన చురుకుదనం స్పష్టంగా తగ్గాయి. పదకొండేళ్లకు కూడా ఆ మేలు నిలిచింది. అయితే ఆ దేశంలో బడికి ముందు దాదాపు పిల్లలందరికీ మంచి ప్రీస్కూల్ అందుబాటులో ఉంటుంది. వాళ్లు ఆ ఏడాది ఇంట్లో తెర ముందు కూర్చోలేదు, తోటివాళ్లతో ఆడుకున్నారు. నార్వేలో బ్లాక్, డెవరూ, సాల్వానెస్ 2011లో ప్రచురించిన అధ్యయనం పెద్దయ్యాక ఏమవుతుందో చూసింది. పద్దెనిమిదేళ్ల వయసులో మగవాళ్ల తెలివితేటల పరీక్షల్లో బడి ఎప్పుడు మొదలైందన్న దాని ప్రభావం చాలా తక్కువ. ఉన్న ఆ కాస్తా ముందుగా చేరినవాళ్లకే అనుకూలం. ఆలస్యంగా చేరినవాళ్లు చదువు ముగించి ఉద్యోగంలోకి రావడం కూడా ఏడాది వెనకబడుతుంది కనుక ముప్పై దగ్గరపడే దాకా సంపాదన కాస్త తక్కువగా ఉంది.

ఈ చర్చ మొత్తంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది 2018లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన అమెరికా లెక్క. సెప్టెంబరు 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టిన పిల్లల్లో 10,000కి 85 మందికి ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపం, మితిమీరిన చురుకుదనం కలిసిన సమస్య, ఉందని నిర్ధారించారు. సెప్టెంబరులో పుట్టినవాళ్లలో 64 మందికే. ఆ కటాఫ్ లేని రాష్ట్రాల్లో ఈ తేడా కనిపించలేదు. ఆగస్టులో పుట్టడం జబ్బు కాదు. పక్కనున్న పెద్దపిల్లలతో పోల్చి చూసిన పెద్దల కళ్లకు వయసు తక్కువతనమే లోపంగా కనిపించిందన్నమాట. తరగతిలో మీ పిల్ల అందరికన్నా చిన్నదైతే, "కుదురుగా కూర్చోవడం లేదు" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా అడగాల్సింది ఒకటే: ఈ వయసు పిల్లలతో పోలిస్తేనా, ఈ తరగతి పిల్లలతో పోలిస్తేనా?

దేన్ని చూడాలి

అక్షరాలు, అంకెలు, రంగుల పేర్లు చెప్పించుకుని తృప్తిపడటం మన అలవాటు. అవి పనికిరావని నేననను. డంకన్, ఆయన సహచరులు 2007లో ఆరు పెద్ద దీర్ఘకాల అధ్యయనాల సమాచారాన్ని కలిపి చూస్తే, తరవాతి చదువును అన్నిటికన్నా బాగా సూచించింది బడిలో చేరేనాటి లెక్కల పరిజ్ఞానం. దాని తరవాత చదవడానికి సంబంధించిన నైపుణ్యాలు, ఆ పైన ఏకాగ్రత. కానీ లెక్కల పరిజ్ఞానమంటే వంద దాకా ఏకరువు పెట్టడం కాదు. ఆరు బొమ్మలు ముందు పెట్టి ఎన్నున్నాయని అడిగితే ఒక్కోదానికి ఒక్కో అంకె చెప్పి, చివరి అంకే మొత్తమని తెలుసుకోవడం. రెండు కుప్పల్లో ఏది ఎక్కువో చెప్పగలగడం.

ఏకాగ్రతను ఇంట్లో చూడటం తేలిక. "చెప్పులు తీసి, చేతులు కడుక్కుని, ఆ పుస్తకం పట్టుకురా" అంటే మూడూ గుర్తుంటాయా, లేక రెండోదాని దగ్గర కిటికీ వైపు చూస్తూ నిలబడిపోతుందా? పరిశోధకులు వాడే ఒక చిన్న ఆట ఉంది. "తల ముట్టుకో" అంటే కాలివేళ్లు ముట్టుకోవాలి, "కాలివేళ్లు" అంటే తల. వినగానే చేయాలనిపించే పనిని ఆపి, చెప్పిన నియమం గుర్తుంచుకుని, దానికి వ్యతిరేకమైనది చేయడం. తరగతిలో రోజంతా చేయాల్సింది దాదాపు ఇదే. మెగన్ మెక్‌క్లెలాండ్ బృందం 2013లో చెప్పిన ప్రకారం, నాలుగేళ్ల వయసులో ఒక పని పట్టుకుని వదలకుండా ఉండగలిగిన పిల్లలు పాతికేళ్లకు కళాశాల చదువు పూర్తి చేసే అవకాశం ఎక్కువ. ఇందులో సంతోషించాల్సిన విషయమేమిటంటే ఇది ఆటలతోనే పెరుగుతుంది. పాట ఆగగానే బొమ్మలా బిగుసుకుపోయే ఆట ఇందుకు చాలు.

ఇంకా చూడాల్సినవి మామూలు పనుల్లోనే ఉంటాయి. బాత్‌రూమ్‌కి వెళ్లాలని కొత్త మనిషికి చెప్పగలదా, వెళ్లి తన పని తను చేసుకుని రాగలదా? అడ్డం వచ్చిన పిల్లవాణ్ణి కొట్టకుండా మాటతో ఆపగలదా, కనీసం పదిసార్లలో ఐదుసార్లు? కావలసింది దొరకనప్పుడు కలిగే కోపం నుంచి పావుగంటలో బయటపడుతుందా? తెలియని పెద్దవాళ్లు తన మాట అర్థం చేసుకుంటున్నారా? నాలుగేళ్లకల్లా పిల్లల మాట పరాయివాళ్లకు దాదాపు పూర్తిగా అర్థం కావాలి. పెన్సిల్ పట్టుకోవడం గురించి మాత్రం ఎక్కువ దిగులు పడొద్దు, మూడు వేళ్ల పట్టు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఎప్పుడైనా కుదురుకోవచ్చు. అక్షరాలు తిరగేసి రాయడం ఏడేళ్ల దాకా మామూలే.

సిద్ధంగా లేకపోవడంగా పొరబడేవి కొన్ని ఉన్నాయి. గేటు దగ్గర ఏడుపు వాటిలో మొదటిది. విడిపోయేటప్పుడు ఏడవడం అనుబంధానికి గుర్తు. ఎంత గట్టిగా ఏడ్చిందన్నది కాదు, ఎంతసేపట్లో ఊరడిల్లిందన్నది చూడాలి. రాత్రి పక్క తడపడం ఇంకొకటి. ఐదేళ్ల పిల్లల్లో నూటికి పదిహేను మందికి అది ఉంటుంది, బడికీ దానికీ సంబంధం లేదు. సిగ్గరి పిల్ల తక్కువ మాట్లాడుతుందే గానీ తక్కువ నేర్చుకోదు. మగపిల్లవాడు కాబట్టి ఆపాలన్న సలహా కూడా నాకు సరిగా అనిపించదు. సగటున మగపిల్లలు కాస్త ఆలస్యంగా కుదురుకుంటారన్నది నిజమే, కానీ మీ ఇంట్లో ఉన్నది సగటు కాదు, ఒక పిల్లవాడు.

దీనికి పూర్తిగా ఎదురుగా, ఆగడం ప్రమాదమయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఇది గట్టిగా చెప్పాలి. మాట ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా, తోటిపిల్లల వైపు చూడకపోయినా "ఇంకో ఏడాది ఆగితే అదే వస్తుంది" అనుకోవద్దు. ఈ వయసులో చెవి లోపల నీరు చేరి తాత్కాలికంగా వినికిడి తగ్గడం చాలా మామూలు. మాట వినడం లేదని కోప్పడుతున్న పిల్లకు నిజంగానే వినబడకపోవచ్చు. కంటి చూపు సంగతీ అంతే. వినికిడి, చూపు, మాట ముందు పరీక్ష చేయించండి. ఎదుగుదలలో ఏదైనా లోటు ఉంటే దానికి కావలసింది సాయం, అది ఎంత ముందుగా మొదలైతే అంత మేలు. చాలా చోట్ల ఆ సాయం బడి ద్వారానే అందుతుంది. అలాంటి పిల్లను ఆపితే సాయాన్నే ఏడాది ఆపినట్టవుతుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు. అక్టోబరులో పుట్టాల్సిన బిడ్డ జులైలో పుడితే, ఆ మూడు నెలలు తనను ఒక ఏడాది పై తరగతిలోకి నెట్టేస్తాయి. కాగితం మీది వయసు కంటే అసలు ఎదుగుదల వయసు తక్కువ. ఇలాంటి చోట ఏడాది ఆపడం నాకు న్యాయంగానే తోస్తుంది, వైద్యుల మాట కూడా తీసుకుని. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య పుట్టిన పిల్లల తల్లిదండ్రులు నాలుగేళ్లకు బదులు ఐదేళ్లకు రిసెప్షన్‌లో చేర్చమని కోరవచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ప్రవేశాలు చూసే అధికారుల చేతిలో ఉంటుంది. మీరున్న చోట అలాంటి వెసులుబాటు ఉందేమో అడగండి.

ఆ రెండో ఏడాదిలో ఏముంది?

నిర్ణయానికి ముందు రెండు చోట్లకి వెళ్లి చూడాలి. ఒకటి, చేర్చాలనుకుంటున్న తరగతి. బడి నడుస్తున్న రోజున వెళ్లి అరగంట వెనక కూర్చోండి. పిల్లలు ఒకేసారి ఎంతసేపు కదలకుండా కూర్చుంటున్నారు? ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద? నేల మీద దిమ్మెలు, నీళ్లు, రంగులు ఉన్నాయా, లేక అన్నీ కాగితాలేనా? ఒక పిల్ల ఏడిస్తే టీచర్ ఏం చేశారు? ఏడాది చివరికి చదవడం రాని పిల్లను ఏం చేస్తారని సూటిగా అడగండి. "అదే తరగతిలో మళ్లీ కూర్చోబెడతాం" అంటే ఆలోచించుకోండి. హాంగ్, రాడెన్‌బుష్ 2005లో చూపించిన ప్రకారం, కిండర్‌గార్టెన్‌లో రెండోసారి కూర్చోబెట్టిన పిల్లలు, పై తరగతికి పంపి ఉంటే నేర్చుకునేదాని కన్నా తక్కువ నేర్చుకున్నారు. చేర్చి చూద్దాం, కుదరకపోతే మళ్లీ అదే తరగతి అనుకోవడం పైకి కనిపించేంత తేలిక దారి కాదు.

రెండోది, ఆపితే ఆ ఏడాది పిల్ల ఉండబోయే చోటు. దీన్ని ఎవరూ సరిగా చూడరు. తోటిపిల్లలున్న మంచి ప్రీస్కూలా? కథలు చెప్పి, ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక ఉన్న పెద్దవాళ్లున్న ఇల్లా? తనకన్నా చిన్నపిల్లలు మాత్రమే ఉన్న డే కేరా? అమ్మానాన్నా పనికి వెళితే ఆ ఏడాది ఖర్చు ఎవరు భరిస్తారు? ఆపగలగడమే ఒక సౌకర్యం, అది అందరికీ లేదు. ఆ సౌకర్యం లేనివాళ్లు పిల్లకు ద్రోహం చేస్తున్నామని కుమిలిపోవాల్సిన పని లేదు. అంచున పుట్టి, సమయానికే చేరిన పిల్లల్లో అత్యధికులు బాగానే చదువుకుంటున్నారు.

ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలావరకు జవాబు దొరుకుతుంది. తరగతి మెత్తనిదైతే, ఇంటి దగ్గర ప్రత్యామ్నాయం అంత గొప్పది కాకపోతే, పిల్ల చిన్నదైనా పంపేస్తాను నేను. తరగతి కఠినమైనదై, ప్రీస్కూల్‌లో ఇంకో మంచి ఏడాది దొరికేలా ఉంటే, అందులోనూ ఏకాగ్రత ఇంకా నిలవని పిల్లయితే, ఆపడానికి వెనకాడను. అన్నిటికన్నా ముందు, ఇప్పుడు పిల్లను రోజూ చూస్తున్న ప్రీస్కూల్ టీచర్‌ను అడుగుతాను. వందల మంది నాలుగేళ్ల పిల్లల్ని చూసిన కన్ను అది. మనం చూసేది మన ఒక్కదాన్నే.

ఆపాలని నిర్ణయించుకుంటే పిల్ల ముందు "నువ్వింకా తయారు కాలేదు" అనొద్దు. ఐదేళ్ల పిల్ల ఆ మాటను జీవితాంతం మోయగలదు. "నీకు ఇంకో ఏడాది ఈ బడే" అని చెబితే చాలు.

పంపాలని నిర్ణయించుకుంటే మొదటి ఆరు వారాలను చూసి బెదిరిపోవద్దు. రోజంతా తనను తాను అదుపులో పెట్టుకున్న పిల్ల, ఇంటి గుమ్మం దాటగానే చెప్పు ఊడలేదని వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఆ వయసుకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, కాబట్టి సాయంత్రం పనులన్నీ తగ్గించి ముందే పడుకోబెట్టండి. "ఈరోజు ఏం నేర్చుకున్నావు" అంటే "ఏమీ లేదు" అనే అంటుంది. టీచర్ కనబడినప్పుడు పాఠాల గురించి తరవాత అడగొచ్చు. పొద్దున ఏడుపు ఎంతసేపట్లో ఆగుతోంది, ఆటస్థలంలో ఎవరి పక్కన ఉంటోంది, ఏదైనా కావాలంటే నోరు తెరిచి అడుగుతోందా అన్నది ముందు అడగండి.